ఒకే బాణలి ప్రతిజ్ఞ

3, సోమవారం

రేపటి నుంచి నేను వంటవాణ్ణి. భావితరాలకు పనికొస్తుందని తేదీతో సహా రాసి పెడుతున్నాను.

ముందుగా చరిత్ర. అక్క నర్సు. ఈ నెల ఇరవై రెండున ఆమెకి హెడ్ నర్సు పరీక్ష. పోయినసారి రెండు మార్కుల తేడాతో తప్పింది. బావ సిటీ బస్సు డ్రైవరు. నేను డిగ్రీ పూర్తి చేసి, వాళ్ళ ముందుగది సోఫాలో స్థిరపడినవాణ్ణి. ఉద్యోగం లేదనుకునేరు, ఉంది. ఒక కొరియర్ కంపెనీకి ఇంట్లోంచే క్షమాపణలు రాస్తాను. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ పార్సిల్ దారిలో ఉంది.’ పొద్దున్నే చింతించడం మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఆ తర్వాత ఏ చింతా ఉండదు.

నిన్న అక్క డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి షరతులు చదివింది.

“ఒరేయ్, పరీక్షయ్యేదాకా రాత్రి వంట నీది. ఆరింటికొచ్చి తలుపేసుకుని చదువుకుంటా. ఏడున్నరకి బయటికొస్తా. కంచంలో వేడిగా ఏదో ఒకటుండాలి. సింకులో గిన్నెల గుట్ట ఉండకూడదు. చేతకాదంటే ఇప్పుడే చెప్పు, పెద్దమామయ్యకి ఫోన్ చేస్తా.”

పెద్దమామయ్యకి టైల్స్ కొట్టుంది. కొట్టు వెనక గోడౌన్లో మడతమంచం ఉంది. దాని మీద పడుకున్నవాణ్ణి తెల్లవారుజామున నాలుగింటికి లేపి, జీవితమంటే ఏమిటో కొట్టు తెరిచేదాకా చెబుతాడు. నేను వంటకే ఒప్పుకున్నాను.

వంటకం కూడా దొరికేసింది! టర్కీ కోడి కీమా, కూరగాయలు, ఒకే బాణలి, ఇరవై నిమిషాలు. వీడియోలో ఒకావిడ నవ్వుతూ చేసేసింది. కొవ్వు తక్కువ, బావ పొట్టకి మంచిది. వండేది ఒకే బాణలి కాబట్టి కడిగేదీ ఒకటే. ఇంత తేలిక పనికి జనం ఇన్నాళ్ళూ ఎందుకంత హడావిడి చేశారో పరిశోధించాల్సిన విషయం.

ప్రతిజ్ఞ: ఒకే బాణలి. రోజూ. పరీక్షదాకా!

4, మంగళవారం

ఉదయం. మూలమీద మాంసం కొట్టు. “ఒక కిలో టర్కీ కీమా” అన్నాను, పుట్టినప్పటి నుంచీ అదే కొంటున్నవాడిలా.

“మొదటిసారా?” అన్నాడు కొట్టాయన.

“ఎలా తెలిసింది?”

“రెండోసారి అడిగేవాడు నవ్వడు బాబూ. దానికి సొంత రుచంటూ ఉండదు. ఉప్పు మర్చిపోకు.”

సాయంత్రం 6:10. పొయ్యి వెలిగించాను.

6:12. “అక్కా, ఉప్పెక్కడ?” తలుపు వెనక నుంచి జవాబు: “పొయ్యి పక్కన, నీలం మూత డబ్బా.” దొరికింది!

6:20. “అక్కా, కూరగాయలు తరిగే పలకేదీ?” దొరికింది!

7:30. భోజనం సిద్ధం. ఎర్ర క్యాప్సికం, క్యారెట్, పచ్చి బఠానీ, మధ్యలో టర్కీ. ఏదో దేశం జెండాలా ఉంది. బావ మారు పెట్టించుకున్నాడు.

“బాగుందయ్యా బావమరిదీ. నములుతుంటే ఏదో పని చేస్తున్నట్టుంది.”

అభినందనగా స్వీకరించాను.

అక్క వెళ్ళి సింకులోకి తొంగి చూసింది. ఒకే ఒక్క బాణలి. ఆమె కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయ వల్ల అని బావ అభిప్రాయం.

(మిగతా ఆరు గిన్నెలూ ఆమె బయటికి రాకముందే కడిగేసి సర్దేశాను. డైరీకి అబద్ధం చెప్పకూడదు.)

5, బుధవారం

వీడియో మళ్ళీ చూశాను. ఇవాళ కనపడింది అసలు సంగతి. ఆవిడ ముందు తరిగిన కూరగాయలన్నీ బుల్లి బుల్లి గాజు గిన్నెల్లో బారుగా ఉన్నాయి. తొమ్మిది గిన్నెలు! వీడియో పేరు చూస్తే ‘ఒకే బాణలి’! ఆ తొమ్మిదీ ఎవరు కడిగినట్టు?

ఆవిడకూ ఒక తమ్ముడు ఉండి ఉంటాడు.

6, గురువారం

ప్లాస్టిక్ చిల్లుల గిన్నె, కీమా కలిపిన గిన్నె, కూరగాయలు తరిగిన ప్లాస్టిక్ పలక, రెండు గరిటెలు, కొలత కప్పులు, ఎందుకు తీశానో గుర్తులేని ఇంకో రెండు. కడిగే ఓపిక లేదు. ఏడు ఇరవై అయింది. లోపల కుర్చీ జరిపిన చప్పుడు. అక్క వచ్చేస్తోంది!

అప్పుడు నా దృష్టి ఓవెన్ మీద పడింది.

ఇంటివాళ్ళు బిగించి ఇచ్చిన ఓవెన్ అది. మేం అద్దెకి దిగాక దాని తలుపు తీసినవాళ్ళు లేరు. లోపల వాడకం పుస్తకం కవరు కూడా విప్పకుండా ఉంది. విశాలం. చల్లన. తలుపు నల్లటి అద్దం, లోపలేముందో బయటికి కనపడదు.

అన్నీ సర్దేశాను. తాత్కాలికంగానే. పొద్దున్నే కడిగేస్తాను.

అక్క సింకు చూసి, “నువ్వు ఇంత పనిమంతుడివని తెలీలేదురా” అంది.

నాకూ తెలియదు.

8, శనివారం

పొద్దున కడగలేదు. ఆఫీసులో చింతించాల్సినవి ఎక్కువగా ఉన్నాయి. గిన్నెలు దారిలో ఉన్నాయి.

10, సోమవారం

టర్కీ, ఏడోసారి. అక్క లోపల చదువుతోంది. బావ కంచం ముందు కూర్చుని, కదలని ట్రాఫిక్‌ని చూసినట్టు కూరని చూశాడు.

“ఇవాళ ఆకలి లేదయ్యా. డిపోలో మీటింగ్ పెట్టారు.”

“మీటింగ్‌లో ఏం పెట్టారు బావా?”

“ఆమ్లెట్టు.”

“నిన్న?”

“నిన్నటి మీటింగ్‌లో రెండు.”

అని చుట్టూ వాసన చూశాడు. “ఎక్కడో ఏదో చచ్చినట్టుందే?”

“డ్రైనేజీ బావా. వీధంతా ఇదే గోల.”

రేపు సువాసన సీసా కొనాలి. గులాబీ.

12, బుధవారం

అక్కా తమ్ముళ్ళ అనుబంధం ఈ వంట వల్ల ఎంత పెరిగిందో రాయాలి. ఇదివరకు మేం సాయంత్రాలు మాట్లాడుకునేవాళ్ళమే కాదు. ఇవాళ చూడండి.

“అక్కా, మూతేదీ?” “అక్కా, మంట పెద్దదా చిన్నదా?” “అక్కా, క్యారెట్ చెక్కు తియ్యాలా?” “అక్కా, కీమా రంగు ఇలాగే ఉండాలా? ఒక్కసారొచ్చి చూస్తావా?”

వచ్చి చూసింది. వేలు పుస్తకంలో పేజీ మధ్యే ఉంచుకుని వచ్చింది. “ఇలాగే ఉంటుంది” అని వెళ్ళింది. నాలుగు నిమిషాలకి ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి మళ్ళీ పిలిచాను. ఈసారి పళ్ళు కొరికినట్టు వినపడింది. పరీక్ష ఒత్తిడి. పాపం, నేనైనా పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది.

14, శుక్రవారం

శుభ్రమైన గరిటె ఇంట్లో ఒక్కటి కూడా లేదు. అన్నీ ఓవెన్లో ఉన్నాయి. ఓవెన్ తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు, కుర్చీ ఆనించాను. కుర్చీ ఎందుకని అక్క అడిగితే, నిలబడి వండితే నడుం నొప్పి అని చెప్పాను.

బావ కొత్త బూట్లతోపాటు, కాలు లోపలికి దూర్చుకునే పొడుగాటి చెంచా ఒకటి వచ్చింది. కూర తిప్పడానికి అనువుగా కనిపించింది. వాడలేదు. వాడానని ఈ డైరీలో ఎక్కడా లేదు.

ఇల్లంతా గులాబీ తోటలో ఏదో చచ్చిన వాసన.

17, సోమవారం

వివరణ: మనిషి యంత్రం కాదు.

మూలమీది హోటల్లో కూర కొన్నాను. తెచ్చి బాణలిలో పోసి వేడి చేశాను. ఒకే బాణలి! నియమం చెక్కు చెదరలేదు. అక్క వచ్చే చప్పుడుకి హోటల్ డబ్బాలూ, గట్టు మీదున్నవన్నీ రెండు చేతులా ఊడ్చి ఓవెన్లోకి తోసి, కుర్చీ బిగించాను.

అక్క తింది. మారు వడ్డించుకుంది. ఈ పద్నాలుగు రోజుల్లో మొదటిసారి!

“ఇవాళ అద్భుతంగా ఉందిరా. ఇప్పటికి చెయ్యి కుదిరింది నీకు.”

నా గుండె రెండు ముక్కలైంది. ఒక ముక్కతో థాంక్స్ చెప్పాను.

19, బుధవారం

దీన్ని నింపాదిగా రాయాలి. నిన్న కూడా హోటల్ కూరే, ఆ సంగతి పక్కన పెడదాం.

బావకి ఇవాళ సెలవు. పరీక్ష ముందు అక్కకి కేకు చేసి పెడదామని ఆయనకి బుద్ధి పుట్టింది. నేను సువాసన సీసా కొనడానికి బయటికెళ్ళాను. అక్క లోపల చదువుకుంటోంది. బావ కుర్చీ పక్కకి లాగి, ఓవెన్ తలుపు నొక్కి మూసి, మీట పూర్తిగా తిప్పాడు. లోపల చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే బస్సెక్కి ముందు ఇంజను వేడెక్కించి, ఆ తర్వాతే తక్కినవన్నీ చూసే మనిషి. పొయ్యికీ అదే మర్యాద చేశాడు. ఇంజను వేడెక్కేలోగా పిండి కలుపుదామని గిన్నె కోసం వెతికాడు. ఇంట్లో ఒక్క గిన్నె కూడా దొరకలేదు.

నేను తిరిగొచ్చేసరికి మా కిటికీలోంచి నల్లటి పొగ. మెట్ల మీద ఫైర్ అలారం గంట మోగుతోంది. నేను బకెట్ పట్టుకుని లోపలికి దూకాను.

“నీళ్ళు పొయ్యకు! తలుపు తియ్యకు!” అక్క అరిచింది. మెయిన్ స్విచ్ కట్టేసింది, కిటికీలు తెరిచింది, బావనీ నన్నూ మెడ పట్టినట్టు కిందికి నడిపించింది. ఆమె చేతిలో పుస్తకం అలాగే ఉంది.

బిల్డింగంతా వీధిలో నిలబడింది. పొగ తగ్గాక బావ పైకెళ్ళి ఓవెన్ తెరిచి చూసొచ్చాడు. తరిగే పలక తడిబట్టలా వేలాడుతోందట. చిల్లుల గిన్నె గరిటెలన్నిటినీ కౌగిలించుకుని కరిగిపోయిందట.

“బావమరిదీ, నువ్వు వండింది పదిహేను రోజులు. కాల్చింది ఒక్కరోజు. వాసన మాత్రం ఇదే నయం” అన్నాడు.

నేను అక్క దగ్గరికెళ్ళాను. ఆమె ఎదురింటి మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

“అక్కా, నీకు కలిగిన అసౌకర్యానికి…”

“నీ ఆఫీసు భాష నా దగ్గర మాట్లాడితే చంపేస్తాను.”

“గిన్నెలన్నీ కొత్తవి కొంటానక్కా.”

“గిన్నెలు పోతే పోయాయిరా.” పేజీ తిప్పింది. “ఇక్కడ కూర్చుని పావుగంటయింది. ఈ పాఠం పూర్తయింది. ఇది ఇంట్లో నాలుగు రోజుల నుంచి అవడం లేదు. ఎందుకో తెలుసా? ఇక్కడ నన్ను ఎవరూ ‘అక్కా, ఉప్పెక్కడ’ అని అడగడం లేదు.”



ఆమె ఫోన్ తీసింది. “మామయ్యా, మడతమంచం ఖాళీగానే ఉందా?… ఇరవై రెండు తర్వాత చెబుతా.”

20, గురువారం

ఇంట్లో మిగిలింది ఒకే బాణలి. సింకులో ప్రదర్శనకి పెట్టేవాణ్ణి కాబట్టి బతికిపోయింది. ఇప్పుడు కావాలన్నా రెండోది లేదు.

అక్క తలుపేసుకుంది. నేను నోరు మూసుకున్నాను.

క్యాప్సికం, క్యారెట్, ఉల్లికాడలు కత్తెరతో నేరుగా బాణలిలోకే కత్తిరించాను. కీమా పొట్లంలోంచి నేరుగా వేశాను. మంట ఎంత ఉండాలి? అడగలేదు. తగ్గించి చూశాను, పెంచి చూశాను, మంటే చెప్పింది. మూత లేదు. కంచం బోర్లించాను, ఆ కంచంలోనే తర్వాత నేను తిన్నాను. ఉప్పు కోసం నీలం మూత డబ్బా వెతికాను. కనపడలేదు. “అక్…” అన్నాను. బావ గబుక్కున నా నోరు మూశాడు.

అర్ధగంటలో అయిపోయింది. వీడియో ఆవిడ కన్నా పది నిమిషాలే ఎక్కువ.

ఏడున్నర అయింది. తలుపు తెరుచుకోలేదు. ఏడూ ముప్పావు. తెరుచుకోలేదు. ఎనిమిదికి అక్క వచ్చి, పుస్తకం చూస్తూనే తింది. ఉప్పు లేదన్న సంగతే గమనించలేదు. బావ ఏదో అనబోతే బల్ల కింద కాలు తొక్కాను.

ఆమె లోపలికెళ్ళాక బావ నన్ను ఓవెన్ దగ్గరికి తీసుకెళ్ళి వేలు చూపించాడు. నల్లటి ముద్ద మీద చిన్న నీలం మూత. సోమవారం గట్టు ఊడ్చినప్పుడు ఉప్పు డబ్బా కూడా లోపలికెళ్ళిపోయింది.

22, శనివారం

పరీక్ష అయిపోయింది. సాయంత్రం అక్క వచ్చింది, సోఫాలో నా కాళ్ళు పక్కకి తోసి కూర్చుంది.

“ఎలా రాశావక్కా?” (ఇది అడగొచ్చని బావ అనుమతించాడు.)

“ఎదురింటి మెట్ల మీద చదివిందే వచ్చింది. పోయినసారిలా మాత్రం పోదు.”

తర్వాత మామయ్యకి ఫోన్ చేసింది. నేను సోఫా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

“మామయ్యా, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్. పాసైతే వచ్చే నెల నాకు ఇంటర్వ్యూ ఉంటుంది. దానికీ చదవాలి. వీడు ఈమధ్యే నోరు మూసుకుని వండటం నేర్చుకున్నాడు.”

బావ డిపో క్యాంటీన్ నుంచి మూడు బుల్లి ఉప్పు పొట్లాలు తెచ్చి నా జేబులో వేశాడు. ఇవాళ్టికి గడిచింది.

అందుకని, భావితరాల ఎదుట మళ్ళీ రాస్తున్నాను. రేపటి నుంచి: టర్కీ కీమా, కూరగాయలు, ఒకే బాణలి. రోజూ. ఇంటర్వ్యూదాకా! ముందు ఒక ఉప్పు డబ్బా కొనాలి.

మంచి ఉప్పు ఏ కొట్లో దొరుకుతుందో అక్కని అడగకూడదు.