లైటు దుర్గ

28 నవంబర్ 2024, గురువారం

మళ్ళీ బల్బు తెచ్చాడు.

కొవ్వూరు వెళ్ళి నలభై నాటు కోడిపిల్లల్ని తెస్తానంటే సరే అన్నాను. అట్టపెట్టె తెరిస్తే పిల్లలు నలభై, పక్కన కవర్లో ఎర్ర బల్బు, రేకు డోము. నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ బల్బు మళ్ళీ ఇంట్లోకి ఎందుకొచ్చిందండీ అన్నాను. మా ఆయన చెప్పులు విప్పుకుంటూ, నా మొహం చూడకుండా, ఈసారన్నా సరిగ్గా కట్టు అన్నాడు.

ఈసారన్నా!

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. పోయిన డిసెంబర్ 20న మా పెరట్లో పాక తగలబడింది. అరవై కోడిపిల్లలు, నెల తిరగని దూడ, గోడ అవతల లోవరాజు గారి గడ్డివాము, అన్నీ పోయాయి. బల్బు తెగి ఊకలో పడింది. ఆ బల్బుని నేను కట్టింది ఇనుప తీగతో. బూడిదలో దొరికిన డోముకి మాత్రం అరటినార ముడి ఉంది, సగం కాలి. తడి మీద నార బాగానే పట్టి ఉంటుంది. బల్బు సెగకి ఎండితే పుటుక్కున తెగుతుంది. ఇది తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. తెలిసినా, ఏది కట్టాలన్నా అందరి చెయ్యీ ముందు నార మీదకే పోతుంది. పువ్వులకీ నారే, పందిరికీ నారే.

నేను రోజూ పూలు కడతాను. కాబట్టి నార నాది, ముడి నాది, మంట నాది. మా ఆవిడేనండి, తెలీక కట్టింది అని నలుగురి ముందు మా ఆయనే అన్నాడు. నేను కట్టలేదు మొర్రో అంటే వినేవాడేడీ? ఆ రోజు నుంచి ఊళ్ళో నేను లైటు దుర్గని. సాయిదుర్గ అన్న పేరు ఆధార్ కార్డులో మిగిలింది.

ఆ కాలిన డోము పారేయమన్నాడు. పారేయలేదు. బీరువాలో పాత చీరల కింద ఉంది.

అదే రోజు, సాయంత్రం 6

పిల్లలు ఉంటాయి. బల్బు ఉండదు. చెప్పేశాను.

అయితే చలికి చస్తాయి, అప్పుడు ఏడుద్దువు గాని అన్నాడు. చూద్దాం. కోడిపెట్ట ఏమన్నా ప్లగ్ పెట్టుకుని పిల్లల్ని పెంచుతోందా?

29 నవంబర్

నిన్న రాత్రంతా పిల్లల్ని గంపలో పెట్టి, బొంత కప్పి, వేడినీళ్ళ సీసాలు మార్చుతూ కూర్చున్నాను. పొద్దున్నే చేపల తలుపులమ్మ వచ్చింది. సంగతి చెప్పాను. ఐస్ చేపలు తెచ్చుకునే థర్మోకోల్ డబ్బా పాతదొకటి ఉందమ్మా, చల్లదనాన్ని ఆపేది వేడిని మాత్రం ఆపదేంటి అంది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళకి నేను విన్న మొదటి తెలివైన మాట అది. మధ్యాహ్నానికి తెచ్చి ఇచ్చింది. మూడుసార్లు కడిగినా పండుగప్ప వాసన పోలేదు. వీధిలో పిల్లులన్నీ మా గోడ మీదే ఉన్నాయి.

పెరటి వసారాలో డబ్బాని బోర్లించి ఒక పక్క గుమ్మం కోశాను. గాలికి పైన చిల్లులు. లోపల అడ్డంగా జాలీ, దాని మీద తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసాలు. జాలీ నుంచి పాత బొంత పేలికలు కిందికి వేలాడతాయి, పిల్లల వీపులకి తగిలేంత. పెట్ట చేసేదీ అంతేగా. పైనుంచి వీపుకి వెచ్చగా తగులుతుంది. వేడెక్కువైతే పిల్ల బయటికి వస్తుంది, చలేస్తే దూరుతుంది. ఎప్పుడు రావాలో దానికే తెలుసు.

సీసాలు చాలలేదు. సాయంత్రం అత్తయ్య తన మోకాళ్ళకి పెట్టుకునే రబ్బరు బ్యాగు తెచ్చి పెరటి గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. పాక కాలినప్పటి నుంచి ఆవిడ పెరట్లో అడుగు పెట్టడం లేదు. నా మీద అంత కోపం మరి. బ్యాగు ఎందుకు ఇచ్చిందో అర్థం కాలేదు.

30 నవంబర్

ఒకటి చచ్చిపోయింది. పుట్టుకతోనే కాళ్ళు లేవలేదు దానికి. మా ఆయన చూశాడంతే. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

1 డిసెంబర్, ఆదివారం

పోయినేడు మంటలోంచి ఎగిరి బయటపడ్డ నల్లపెట్ట వారం నుంచి ఉత్త గంపలో పొదుగుకి కూర్చుంది. కింద గుడ్లు లేవు, అయినా లేవదు. నిన్న మునిమాపు వేళ నీరసంగా ఉన్న తొమ్మిది పిల్లల్ని ఒక్కొక్కటే దాని రెక్కల కిందికి తోశాను. పొద్దున్న చూస్తే తొమ్మిదీ ఈకల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి. పెట్ట నన్ను పొడిచింది. రక్తం వచ్చింది. కోపం మాత్రం రాలేదు. ఈ ఇంట్లో నాకు కోపం తెప్పించనిది అదొక్కటే.

2 డిసెంబర్

నాలుగు గంటలకోసారి నీళ్ళు మారుస్తున్నాను. ఊకపొయ్యి మీద కాగు ఎప్పుడూ వేడిగానే ఉంటోంది. ఫోన్లో అలారం మోగితే మా ఆయన అటు తిరిగి పడుకుంటాడు.

పోయినేడు బల్బు కింద పిల్లలు పగలూ రాత్రీ తెలీక అరిచేవి, ఒకదాన్నొకటి పొడుచుకునేవి. ఇప్పుడు చీకటి పడితే పేలికల్లో దూరి నిద్రపోతున్నాయి. డబ్బాకి చెవి పెడితే లోపల సన్నగా, గొంతులోనే ఏదో చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. పది నిమిషాలు అలాగే కూర్చున్నాను.

అప్పుడే గోడ మీంచి లోవరాజు గారు. లైటు ఆపేసే ఉంచావా అమ్మా, ఈసారి మా గడ్డివాము కాస్త పెద్దది అని నవ్వాడు. ఆయన మంచివాడే. అందుకే ఆ నవ్వు ఇంకా మండింది.

5 డిసెంబర్, గురువారం

నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి బల్బు వెలుగుతోంది!

డబ్బా తీసి పక్కన పెట్టి, వసారా మూల దూలానికి బల్బు వేలాడదీశాడు. పిల్లలన్నీ బల్బుకి దూరంగా గోడకి అతుక్కుని, ముక్కులు తెరుచుకుని రొప్పుతున్నాయి. అడుగున పడి ఒకటి నలిగి చచ్చింది. మంచు పడుతోంది కదా, జాలేసింది అన్నాడు. జాలట.

బల్బు పీకి బట్టలుతికే బండ మీద వేసి కొట్టాను. ఆ తర్వాత అరగంట సేపు వంగి గాజుముక్కలు ఏరాను, పిల్లలు పొడుచుకు తింటాయని. కోపానికి కూడా చాకిరీ నేనే చెయ్యాలి.

9 డిసెంబర్

ముప్పై ఎనిమిది. రెక్కలు మొలుస్తున్నాయి. నీళ్ళు ఇప్పుడు ఆరు గంటలకోసారి చాలు.

14 డిసెంబర్, శనివారం, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న అత్తయ్య పెరట్లోకి వచ్చింది. ఏడాది తర్వాత. కర్ర పట్టుకుని మెల్లిగా వచ్చి డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చుంది. పిల్లల్ని చూస్తూ ఎంత హాయిగా ఉన్నాయే అమ్మాయ్ అంది. నేను జాలీ తీసి చిరిగిన పేలికలు మారుస్తున్నాను. నేను నాడాతో కడుతుంటే ఇలా ఇవ్వు అని తీసుకుంది. నా పూలబుట్టలోంచి తడి నార లాగింది. రెండు చుట్లు చుట్టి, కొసని కిందినుంచి మడిచి దూర్చి, బొటనవేలితో నొక్కింది. ఒకటి, రెండు, మూడు. చూడకుండానే కడుతోంది.

అత్తయ్య పుట్టింటివాళ్ళది తమలపాకుల తోట. తీగని కర్రకి కట్టే ముడి అది. మేం పూలు కట్టేవాళ్ళం అలా కట్టం. నాకు రాదు కూడా.

లోపలికి వెళ్ళి బీరువా తీసి, డోము బయటపెట్టాను. రెండు చుట్లు. కొస కిందినుంచి మడత.

15 డిసెంబర్, ఆదివారం

అడిగాను. డోము ఆవిడ ఒళ్ళో పెట్టి అడిగాను.

ఏడ్చింది. ఆ రోజు నువ్వు పెనుగొండ గుడికి వెళ్ళావు కదే, చలిగాలికి పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి అరుస్తుంటే చూడలేకపోయాను, బల్బు మరీ పైనుందని తీగ విప్పి నారతో కిందికి దించాను అంది. ఆ రాత్రే కొడుక్కి చెప్పిందట. నువ్వు నోరు మెదపొద్దమ్మా, నేను చూసుకుంటాను అన్నాడట.

చూసుకున్నాడు. నా మీద పెట్టి చూసుకున్నాడు.

అత్తయ్య మీదా కోపమే. ఏడుస్తున్న ముసలావిడ మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. అయినా నిలబెట్టుకున్నాను. ఏడాది పాటు నా చేతి అన్నం తింటూ ఊరుకుంది కదా. పెరట్లోకి రానిది నా మీద కోపంతో కాదు, సిగ్గుతో. నేనేమో ఆ కోపం తగ్గాలని రోజూ ఆవిడ కాళ్ళకి నూనె రాశాను.

16 డిసెంబర్

ఆయన్నీ అడిగాను. మీకు తెలుసా అన్నాను. అబద్ధం చెప్పలేదు. తెలుసు అన్నాడు. అమ్మ పెద్దది, ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలంటే తట్టుకోలేదు, నువ్వంటే గట్టిదానివి అన్నాడు.

గట్టిదాన్నట! ఊళ్ళోవాళ్ళు బరువులు దించుకోవడానికి వీధి అరుగునా నేను? నాకు చెప్పి అడిగి ఉంటే, అత్తయ్య కోసం నేనే ఒప్పుకునేదాన్నేమో. అడగలేదు. నాక్కూడా అబద్ధమే చెప్పాడు. ఈసారన్నా సరిగ్గా కట్టు అని మొన్న నా ఇంట్లో నాతోనే అన్నాడు, ఎవరు కట్టారో తెలిసీ.

పాలకేంద్రం దగ్గర నిలబడి నిజం చెప్పండి, నాకింకేం వద్దు అన్నాను. అయిపోయిన దాన్ని ఇప్పుడు తవ్వడమెందుకు అన్నాడు. అయిపోయింది ఆయనకి.

17 డిసెంబర్

వంట చెయ్యలేదు. పిల్లలకి మాత్రం నూకలు వేశాను.

19 డిసెంబర్, గురువారం

పొద్దున్న అత్తయ్య కనిపించలేదు. కర్ర కూడా లేదు. కంగారుపడుతుంటే తలుపులమ్మ వచ్చి చెప్పింది.

ఆవిడ ఆ మోకాళ్ళతో పాలకేంద్రం దాకా నడిచి వెళ్ళిందట. అందరూ క్యాన్లతో లైన్లో ఉండగా, ఆ లైటు కట్టింది నేనండి, మా దుర్గ కాదండి అందట. ఒక్కరూ నమ్మలేదట. ఎంత మంచి అత్తగారండీ, కోడలి తప్పు తన నెత్తిన వేసుకుంటోంది అన్నారట. లోవరాజు గారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడట. ఇలాంటి అత్తగారు దొరకాలంటే పెట్టి పుట్టాలి అన్నాడట.

ఆ లైన్లో మా ఆయన కూడా ఉన్నాడట. క్యాను కింద పెట్టి, మూత తుడుచుకుంటూ ఉన్నాడట.

అత్తయ్య వచ్చి మంచం మీద కూర్చుంది. చెప్పానే, నమ్మట్లేదే అంది. చిన్నపిల్లలా అంది. కాళ్ళు వాచాయి. రబ్బరు బ్యాగులో వేడినీళ్ళు పోసి ఆవిడ మోకాళ్ళ మీద పెట్టాను. పిల్లలకి ఇక బ్యాగు అక్కర్లేదు.

తప్పు చేసినావిడకి దణ్ణాలు. ఇప్పుడు నేను తప్పు చేసినదాన్నే కాదు, దేవతలాంటి అత్తగారు ఉండి కూడా తప్పు చేసినదాన్ని.

20 డిసెంబర్, శుక్రవారం

సరిగ్గా ఏడాది.

కాలిన డోముని వీధి గేటుకి కట్టాను. ముడి వీధి వైపుకి. ఇనుప తీగతో కట్టాను, రెండు మెలికలు వేసి.

దారిన పోయేవాళ్ళంతా ఆగి ఏంటమ్మా ఇది అంటున్నారు. మా ఆయన్ని అడగండి అంటున్నాను. ఇంకేం చెప్పను.

21 డిసెంబర్

ఉదయం: తీసేశాడు.

ఉదయం ఏడున్నర: మళ్ళీ కట్టాను.

సాయంత్రం: కటింగ్ ప్లేయరు పట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. అత్తయ్య కర్రతో వచ్చి గేటుకి అడ్డంగా నిలబడింది. ప్లేయరు జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చాడు. అన్నం తినలేదు. తినమని నేనూ అనలేదు.

22 డిసెంబర్, ఆదివారం

బొంత పేలికలు తీసి ఉతికి ఆరేశాను. ముప్పై ఎనిమిదీ ఎండలో తిరుగుతున్నాయి.

పాలకేంద్రంలో చెప్పాడట. అమ్మ కట్టింది, నాకు తెలుసు, దుర్గ మీద నేనే పెట్టాను అన్నాడట. తలుపులమ్మ చేపల గంప దించకుండానే చెప్పింది. గంట తర్వాత లోవరాజు గారు గోడ దగ్గరికి వచ్చి, సాయిదుర్గా, మాక్కూడా అలాంటి డబ్బా ఒకటి చేసిపెట్టమ్మా అన్నాడు.

ఇరవై ఒక్క రోజులకి కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఈయనకి ఏడాది మీద రెండు రోజులు పట్టింది.

అన్నం పెట్టాను. మాట్లాడలేదు.