ఫినాయిల్ సీసా మీద గీత

అక్కా,

నువ్విచ్చిన కుక్కపిల్లకి పొట్టంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. నా అనుమానం ఎవరి మీదో నీకు వేరే చెప్పాలా? "దీన్ని నా కంటపడనీయకు" అని మొదటిరోజే నీ మరిది అన్నారు కదా. నేను బడికి వెళ్లాక దాని పడక చుట్టూ ఫినాయిల్ పోస్తున్నారేమోనని సీసా మీద పెన్నుతో గీత గీసి వెళ్లాను. సాయంత్రానికి చుక్క కూడా తగ్గలేదు. అయినా నమ్మకం కుదరలేదు.

నిన్న పశువుల డాక్టరుకి చూపించాను. "చర్మంలో చిన్న పురుగమ్మా, మందు రాస్తే పోతుంది. ఎత్తుకుని తిరిగేవాళ్లకీ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరైనా గోక్కుంటున్నారా?" అన్నాడు. లేదన్నాను.

ఇంటికొచ్చాక తట్టింది. ఇంత ఎండల్లోనూ ఈయన నాలుగు రోజులుగా పొడుగు చేతుల చొక్కా వదలడం లేదు. స్నానానికి వెళ్తుంటే ఆపి చూశాను. రెండు మోచేతుల మడతల్లోనూ అవే దద్దుర్లు.

"చెమటకాయలు," అన్నారు గోడకేసి చూస్తూ.

దానికి పేరు పెట్టింది నేను, పూటపూటా పాలు పోసేది నేను. ఒక్కటే మింగుడుపడటం లేదక్కా. అద్దం ముందు నిలబడి ఎంత వెతుక్కున్నా, నా ఒంటి మీద ఒక్క దద్దురూ లేదు.

నీ చెల్లెలు