ఆలస్యంగా లేచిన కాలు

నాచారం

చిరంజీవి పద్మశ్రీకి బాపు దీవించి రాయునది.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నువ్వూ వేళకు తింటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. కవరు అడుగున బరువుగా తగిలేదాన్ని ఇప్పుడే తియ్యకు. ఉత్తరం పూర్తిగా చదివాక తియ్యి.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మన వీధికి నల్లా నీళ్లు సరిగానే వస్తున్నాయి. అమ్మ దగ్గు తగ్గింది. మీ నర్సింగ్ పాఠంలో చెప్పిన మోకాలి పరీక్ష మమ్మల్నీ చేసి చూడమన్నావు కదా, చేశాం. మీ అమ్మ మంచం మీద కూర్చుని కాళ్లు వేలాడేసింది. మోకాలి చిప్ప కింద అరచేతి అంచుతో కొట్టాను. కాలు ఎగిరి బకెట్‌ను తన్నింది. ఇల్లంతా నీళ్లు.

"అయ్యో, నేను తన్నలే! అదే లేసింది!" అని ఒకటే నవ్వు.

తర్వాత నా వంతు. నా కాలూ లేచింది.

"నీది జర లేటుగ లేసిందేంది? ఉప్పల్ చౌరస్త ట్రాఫిక్‌ల ఇరుక్కున్నదా?" అంది.

ఆ దెబ్బ కబురు నరం వెంట వెన్నుపాముదాకా పోయి, మెదడును అడగకుండానే అక్కడి నుంచి కాలికి హుకుం తెస్తుందని రాశావు. నీ పాత ఇంటర్ పుస్తకం తీసి ఆ బొమ్మ చూశాను. అర్థమైంది. అర్థం కాకుంటే బాగుండేది.

పద్మా, పైన రాసింది అబద్ధం. నా కాలు లేవలేదు. మీ అమ్మ కొట్టినా అట్లాగే వేలాడింది. ఆమె మొహం ఎత్తేలోపు నేనే లేపాను. అందుకే లేటయింది. క్షేమమని రాసిన మాటలోనూ మీ అమ్మ ఒక్కతే క్షేమం.

ఆదివారం నీ ఫోను వచ్చినప్పుడు ఆమె పక్కనే ఉంటుంది. ఆటో రోజు లెక్క తప్ప మరేమీ రాయని చేతితో అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఎండాకాలం నుంచి దూది మీద నడుస్తున్నట్టు ఉంది. ఒక సాయంత్రం ఒక కాలికి చెప్పుతోనే దేవుని గూటిదాకా పోయాను.

"గింత సోయి లేదా నీకు? చెప్పుతోని దేవుని దగ్గరికా!" అని మీ అమ్మ కేకలేసింది.

రెండూ గుమ్మంలోనే విప్పాననుకున్నాను. పరధ్యానం అని చెప్పి తప్పించుకున్నాను.

నిన్న ఉప్పల్ నుంచి రామంతాపూర్ పోతున్నాను. ఆటో నిండా జనం. కూరగాయల సంచితో ఒక ముసలామె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. ఆటో ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. కిందికి చూస్తే నా పాదం బ్రేకు మీద లేదు, పక్కన రేకును తొక్కుతోంది. హ్యాండిల్ తిప్పి, డివైడర్‌కు ఒరిపించి ఆపాను. ఆమె సంచిలోని టమాటాలు ముందు చక్రం కింద పడ్డాయి. ఆమెకు ఏమీ కాలేదు.

"కండ్లు నెత్తికెక్కినయార నీకు?" అని తిట్టింది.

కండ్లు కాదమ్మా, కాళ్లు అనబోయి, చితకని టమాటాలు ఏరి ఆమె సంచిలో వేశాను.

అక్కడి నుంచే దవాఖానాకు పోయాను. డాక్టరమ్మ రబ్బరు సుత్తితో మోకాలి కింద, మడమ వెనక కొట్టింది. కదలిక లేదు. కళ్లు మూసుకో, పాదానికి ఏదైనా తగలగానే చెప్పు అంది. మూసుకుని చాలాసేపు కూర్చున్నాను.

"ఇంక షురూ జెయ్యలేదా మేడం?"

"అయిపోయింది," అంది.

షుగర్. ఎప్పటినుంచో ఉన్నట్టుందట. పాదాలకు పోయే నరాలు అన్నిటికన్నా పొడుగు కాబట్టి ముందు అవే చెడతాయట. పోయింది తిరిగి రాకపోవచ్చు, మిగిలింది కాపాడుకోవచ్చు, ఆటో మాత్రం ముట్టొద్దు అంది. తల ఊపాను.

ఊపినవాణ్నే, ఈ పొద్దున లేవగానే నా చెయ్యి గోడ మేకు దగ్గరికి పోయి ఆటో తాళంచెవి తీసింది. నన్ను అడగలేదు. వీధి చివర బస్సు కోసం నిలబడ్డ బడిపిల్లలు కనపడేదాకా నేను ఆటో నడుపుతున్నానన్న సోయే లేదు. దిగి, ఇంటిదాకా నెట్టుకొచ్చాను.

కవరులో ఉన్నది ఆ తాళంచెవే. మారు తాళంచెవి లేదు. ఆదివారం ఫోనులో నేను ఏ సాకు చెప్పినా పంపకు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక నేను మంచం మీద కూర్చుని, మళ్లీ ఒకసారి కొట్టమని మీ అమ్మను అడుగుతాను. ఈసారి కాలు లేపను.

ఇట్లు
నీ బాపు
మొగిలయ్య