దొర పళ్ళు

ఆదోని,
గురువారం ఉదయం

అమ్మకు, అనురాధ నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను, హేమ బాగున్నాం. ఆయన బళ్ళారిలో డ్యూటీలో ఉన్నారు, శనివారం వస్తారు. అక్కడ నువ్వు, తమ్ముడు, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. హుబ్లీలో చలి తగ్గలేదని రాశావు. మోకాళ్ళకు నువ్వులనూనె మానొద్దు. హేమ లెక్కల్లో వెనకబడిందా అని అడిగావు. వెనకబడలేదు, వాళ్ళ సారుతో పడటం లేదు, అంతే. ఫోన్లో చెబితే నీకు వినపడదు, వినపడనిదానికల్లా "సరే సరే" అంటావు. ఈసారి చెప్పాల్సింది సరే అనిపించుకునే సంగతి కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో మూడుచోట్ల దొర గురించే అడిగావు. నోటి వాసన తగ్గిందా, చిగుళ్ళ రక్తం ఆగిందా, నాన్న కుక్కను ఆయన పెంచినట్టే పెంచుతున్నారా అని. నాన్న పెంచినట్టే పెంచానమ్మా. పొద్దున అయిదింటికి గేటు తీసి వదిలేదాన్ని. వాడు పొలాల మీద పడి తిరిగి ఆరుకల్లా వచ్చేవాడు. ఆ వచ్చినప్పుడే పెదవుల దగ్గర ఎరుపు కనబడేది. నేను తడిగుడ్డతో తుడిచేదాన్ని. నువ్వు రాసినట్టు ఉప్పూ పసుపూ కలిపి రుద్దాను. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్ళీ అదే.

పళ్ళు శుభ్రం చేయించాలని నెల రోజులు తిరిగాను. ఇక్కడ పశువుల ఆసుపత్రి డాక్టరు మంచివాడే. "మా దగ్గర ఎద్దు నోరు తెరిచే సామాను ఉంది కానీ కుక్క పళ్ళు గీకే మిషన్ లేదు మేడమ్" అని నవ్వాడు. కర్నూలులో ఒక క్లినిక్కుకు ఫోన్ చేస్తే రక్తపరీక్షలు, మత్తు, అన్నీ కలిపి చెప్పిన మొత్తం విని హేమ ట్యూషన్ గుర్తొచ్చి పెట్టేశాను. సంతలో ఒకడు మత్తు లేకుండానే గీకుతానన్నాడు. కాళ్ళు కట్టేస్తాడట. వద్దన్నాను.

చివరికి ఆటో యేసురత్నం చెప్పాడు, ఎమ్మిగనూరులో జోయల్ అని కొత్త డాక్టరు ఉన్నాడని. పళ్ళ డాక్టరెవరో అమ్మేసిన పాత మిషన్ కొని, ఆదివారాలు మూడు నాలుగు కుక్కలు కూడితే చేస్తాడట. కర్నూలు ధరలో నాలుగో వంతు. మొన్న ఆదివారం పోయొచ్చాం.

అక్కడ జరిగింది చెప్పేముందు గోవిందన్న సంగతి చెప్పాలి. మా ఇంటికి ఎదురుగా, రోడ్డు దాటితే ఆయన గొర్రెల దొడ్డి. ఈ నెలలో గొర్రెపిల్లలు ఒక్కొక్కటే చచ్చిపోతూ వచ్చాయి. రెండు వారాల కిందట పొద్దునే గేటు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, నిన్నటితో అయిదు పిల్లలు పాయ. నక్క కాదు. నక్కయితే ఎత్తుకపోతాది. ఇది గొంతు కొరికి ఆడనే పారేసి పోతాంది. కుక్క పనే."

"మా దొరనా?" అన్నాను. నాకు కోపం కూడా రాలేదు, నవ్వొచ్చింది. వాణ్ణి పిలిచి, పెదవి ఎత్తి, ఆయనకు నోరు చూపించాను. గార కట్టి పసుపుపచ్చగా ఉన్న పళ్ళు, అంచున ఎరుపు. "చూడు గోవిందన్నా, చిగుళ్ళు చెడి రక్తం కారుతోంది. పెరుగన్నం పిసికి పెడుతున్నాను. వీడా గొర్రెపిల్లను పట్టేది?"

ఆయన వంగి చూసి, "మా నాయన నోరు మాదిరే ఉండాదే" అన్నాడు. "పాపం, ముసలి దొర. అట్లయితే తిప్పమ్మ కుక్కే. ఇంగ వేరేది యాడుండాది ఈ పక్క?"

నేను ఏమీ అనలేదు. అనకపోవడం నాకప్పుడు తప్పుగా తోచలేదు.

తిప్పమ్మ నీకు తెలుసు. పోయిన ఏడాది నువ్వున్నప్పుడు పత్తి తీతకు పోతూ మన వాకిట్లో నీళ్ళు తాగేది. దొడ్డి వెనక గుడిసెలో ఒక్కతే ఉంటుంది. దాని కుక్క కరియ, నల్లగా బక్కగా. రోజూ మధ్యాహ్నం తిప్పమ్మ మన మిగులన్నం కరియ కోసమే గిన్నెలో పట్టుకుపోయేది.

ఇక ఆదివారం. జోయల్ దొరకు సూది వేసి బల్ల మీద పడుకోబెట్టాడు. "పైపైన గీకితే తెల్లగా కనపడతాయి మేడమ్. మురికంతా చిగురు కింద ఉంటుంది, అది తీయాల" అంటూ మిషన్ పెట్టాడు. సన్నటి కూత. నేను గోడకానుకుని చూస్తున్నాను. గార పెచ్చులుగా ఊడిపోతోంది. కాసేపటికి మిషన్ ఆపాడు.

"ఈ కుక్క ఏం తింటాది మేడమ్?"

"పెరుగన్నం. గుడ్డు."

"చిగుళ్ళ రక్తం అన్నారు కదా. గార ఉండాది కానీ చిగుళ్ళు గట్టిగా ఉండాయి. నేను ఇంత గీకినా కారలేదు చూడండి." పై వరసలో వెనకున్న పెద్ద పన్ను సందులోంచి పటకారుతో ఏదో లాగాడు. వెంట్రుకల కుచ్చు. దూది మీద పెట్టి లైటు కిందికి జరిపాడు. "ఉన్ని. పచ్చరంగు కూడా ఉండాది. మీ ఇంటి పక్క గొర్రెలుండాయా?"

గోవిందన్న తన పిల్లలకు మెడ మీద పచ్చరంగు పూస్తాడమ్మా.

"లేవు" అన్నాను.

ఆయన నా మొహం ఒకసారి చూశాడు. దూదిని బకెట్లో వేశాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు దాన్ని తీసి చేతిరుమాలులో కట్టుకున్నాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. దాచడానికా, చూపించడానికా? పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ప్రతిదానికీ రుజువు అడిగేదాన్ని. నెల రోజులు నా చేతి గుడ్డకు అంటిన రక్తాన్ని ఒక్కసారి కూడా అడగలేదు, ఇది ఎవరిదని.

ఆటోలో దొర నా ఒడిలో మత్తుగా పడుకున్నాడు. యేసురత్నం అద్దంలో చూసి, "నవ్వితే పెండ్లికొడుకు మాదిరుంటాడు మేడమ్ ఇప్పుడు" అన్నాడు. నేనూ నవ్వాను.

ఇల్లు చేరేసరికి తిప్పమ్మ గేటు దగ్గర కూర్చుని ఉంది. ఇక్కడిదాకా రాయడం తేలికే అయింది. దీని తర్వాతది రాయడానికి రెండుసార్లు లేచి నీళ్ళు తాగాను.

"అమ్మా, గోవిందన్నోళ్ళు కరియను ఉండనీమంటాండారు. నాది కాదంటే వినరు. నాలుగు దినాలు కట్టేసి సూపిస్తా. కట్టేసినంక గూడా పిల్ల సస్తే వాళ్ళకే తెలుస్తాది గదా. తాడేస్తే కొరికేస్తాంది. మీ దగ్గర గొలుసుండాది గదా, పెద్దయ్య కొనిండేది. ఇయ్యమ్మా, మల్లా తెచ్చిస్తా."

నాన్న కొని, ఒక్కరోజూ వాడని ఆ గొలుసే. అది తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. కరియకు అది వేస్తే, పొద్దున గోవిందన్న దొడ్డిలో ఇంకో పిల్ల చస్తే, ఆ తర్వాత వాళ్ళు ఎవరి గేటు దగ్గరికి వస్తారో ఆ క్షణంలో నాకు పూర్తిగా తెలుసు.

"గొలుసు యాడుందో కనపడలేదు తిప్పమ్మా" అన్నాను. దాని మాటలోనే చెప్పాను, నమ్మాలని.

"సరేలేమ్మా" అని లేచిపోయింది.

ఆ గొలుసు సోమవారం పొద్దున దొర మెడకు వేసి పెరట్లో కట్టాను. కరియకు కాపలా ఉందేమో, ఆ మధ్యాహ్నం తిప్పమ్మ అన్నానికి రాలేదు. మంగళవారం కరియ గుడిసె ముందు నురగ కక్కి చచ్చి పడి ఉంది. ఎవరేం పెట్టారో ఎవరూ అడగలేదు. సోమవారం నుంచి దొడ్డిలో ఒక్క పిల్లా చావలేదు. నిన్న గోవిందన్న రోడ్డు మీదినుంచే కేకేశాడు. "సూసినారా మేడమ్, అది పోయినంక నెమ్మదయింది." నేను తలూపాను. దొర నేరం నేను గొలుసుతో ఆపాను, అది కరియ చేసిందనడానికి అదే రుజువైపోయింది.

నాన్న పోయాక నువ్వు దొరను నాకు అప్పగించేటప్పుడు ఒకే మాట అన్నావు, ఆయన తర్వాత వీడే ఉన్నాడని. అందుకే చెప్పలేకపోయానని నీకు రాయాలనుకున్నాను. అది నిజమో, నా గేటు దగ్గర నలుగురు నిలబడతారన్న భయమే నిజమో నాకు తెలియదు.

ఇంతవరకు రాసి ఆపాను. మళ్ళీ పెన్ను పట్టేసరికి పన్నెండు దాటింది.

ఇప్పుడే తిప్పమ్మ వచ్చి పోయింది. రోజూ వచ్చే వేళకే, అదే గిన్నె పట్టుకుని, పెరటి వైపునుంచి. నన్ను చూసి చేతిలో గిన్నె చూసుకుంది.

"కుక్కే లేదు. కాళ్ళు ఊరికే ఇట్లొచ్చినాయమ్మా" అంది.

అప్పుడు దొర లేచాడు. గొలుసు రాయి మీద గీసుకుంది. తిప్పమ్మ ఆ గొలుసును చివరి నుంచి మెడ దాకా చూసింది. దగ్గరికొచ్చి కూర్చుని వాడి తల నిమిరింది. వాడు నోరు తెరిచి రొప్పుతున్నాడు.

"పండ్లు బలే తెల్లగైనాయే" అంది. తర్వాత, తల తిప్పకుండానే, "గొలుసు ఎప్పుడు దొరికిందమ్మా?"

"సోమవారం" అన్నాను. ఈసారి అబద్ధం రాలేదు.

సోమవారం నుంచి వేళ్ళు మడుస్తూ రోజులు పైకే లెక్కపెట్టుకుంది. కరియ పోయిన మంగళవారం దగ్గర ఆగింది. గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఇది రాస్తున్న కిటికీలోంచి దొడ్డి కనబడుతుంది. తిప్పమ్మ అక్కడ నిలబడి మాట్లాడుతోంది. గోవిందన్న కట్టె మీద గడ్డం ఆన్చి వింటున్నాడు. ఒకసారి ఇటు చూశాడు. ఇప్పుడు ఇద్దరూ రోడ్డు దాటుతున్నారు. వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

చేతిరుమాలు మూట బల్ల మీదికి తీసి పెట్టాను. వాళ్ళు అడగకముందే ఇస్తాను. వాణ్ణి ఏం చేస్తారో, నేను ఎంతవరకు అడ్డం నిలబడగలనో తెలియదు. తిప్పమ్మ ముందు ఏ మొహంతో బతిమాలుతాను? ఈ ఉత్తరం మాత్రం అంటించేస్తున్నాను. మళ్ళీ చదివితే పంపను.

గేటు గడియ చప్పుడైంది. దొర మొరగడం లేదమ్మా. అందరూ తెలిసినవాళ్ళే కదా, తోక ఊపుతున్నాడు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
అనురాధ