బాబు గిన్నెలో ఉప్పు

గురువారం, రాత్రి

ఇంట్లో అందరికీ ఒకే కుక్కర్ పప్పు. ఉప్పు వేయకముందే ఎనిమిది నెలల మనవడికి ఒక గిన్నె తీస్తాను. ఉప్పు వేశాక మూడేళ్ల మనవరాలికి తీస్తాను. కారం, తాలింపు పడ్డాక పెద్దవాళ్లకు. ఏడాది నిండేదాకా బాబుకు ఉప్పు వద్దని మేముండే కోసాడ్‌లోని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ముద్ద ఉమ్మేసే పిల్లవాడు సోమవారం నుంచి గిన్నె ఖాళీ చేస్తున్నాడు. ఈ రోజు అడుగున మిగిలింది నాలుకకు తగిలించుకున్నాను. ఉప్పగా ఉంది. తన చేతి ముద్ద వాడు ఇష్టంగా తినాలని కోడలే వేసి ఉంటుందని అనుకున్నాను.

"స్వప్నా, బాబు గిన్నెల ఉప్పేసినవా బిడ్డా?"

"నేనెందుకేస్త అత్తమ్మా? నా కొడుకు కాదా వాడు?" అంది. తలుపు వేసుకుంది.

మా ఆయన నవ్వారు. "సోమారం సంది నా పప్పుల గూడ ఉప్పు డబల్ పడుతున్నది. గది గూడ కోడలే ఏసిందా?"

నైవేద్యం పెట్టేదాకా నేను రుచి చూడను, రాత్రి పెరుగన్నమే తింటాను. సోమవారం నుంచే సహస్రనామాలు చదువుతూ వండుతున్నాను. ఒక్క నామమూ తప్పలేదు. ఉప్పు ఎప్పుడు వేశానో, ఎన్నిసార్లు వేశానో మాత్రం ఎంత ఆలోచించినా...