గుండీ ఊడిన చొక్కా

డాక్టరమ్మగారికి, చిలమత్తూరు నుంచి నమస్కారం.

మైనస్ తొమ్మిది పవరున్న నా కళ్లకు నాలుగేళ్ల కిందట మీరే లేజర్ చేశారు. చూపు మళ్లీ తగ్గుతోందని మొన్న అద్దాలు రాసిచ్చిందీ మీరే. అందుకు నాకేం కోపం లేదు. అడగాలనుకున్నది వేరే.

మా ఇంటి ముందే వేరుశనగ చేను. నాయన పోయాక చేనిలో దిష్టిబొమ్మకు ఆయన పాత చొక్కా తొడిగాం. లేజర్‌కు ముందు అరుగు మీద నుంచి ఆ మసక ఆకారాన్ని చూసి, "నాయనా, అన్నానికి రా" అని ఎన్నోసార్లు పిలిచాను. లేజర్ తర్వాత కట్టెలూ గడ్డీ కనబడి సిగ్గుపడ్డాను.

ఈ ఏడు వాన లేదు. విత్తనం వేయలేదు, బొమ్మా పెట్టలేదు. అయినా చేనిలో చొక్కా కనిపిస్తోంది. అమ్మకు చూపిస్తే, "యాడుండాదే? ఆడ బీడు తప్ప ఏమీ లేదు" అంది. అద్దాలు పెట్టుకుంటే నాకూ కనిపించదు. తీస్తే ఉంటుంది.

గట్టు మీది వేపచెట్టు నాకు వట్టి పచ్చటి మసక. కానీ చొక్కాకు రెండో గుండీ ఊడిపోయి ఉండటం ఈ ఉదయం స్పష్టంగా కనబడింది. నా కళ్లకు దగ్గరున్నవే స్పష్టంగా కనిపిస్తాయని మీరే చెప్పారు.

మళ్లీ లేజర్ చేస్తామన్నారు కదా, ఆ తేదీ కొంచెం వెనక్కి జరపండి. ఆయన ఇంకా అరుగు దాకా రాలేదు.