అయిపోకముందే మన వంతు

శుక్రవారం, అవనిగడ్డ

చెల్లి ఆపరేషన్ కోసం దాచిన డబ్బు ఇవాళ కూడా రాలేదు. తమ్ముడు దాన్ని ఒక కంపెనీ ఆన్‌లైన్‌లో అమ్మే డాలర్ కాయిన్లలో పెట్టాడు. ఎప్పుడు కాయిన్ తిరిగిచ్చినా డాలర్ ఇస్తారని చెబితే నేనే సరేనన్నాను.

"వాళ్ల దగ్గర డబ్బుందక్కా. కానీ చాలావరకు గడువు తీరని బాండ్లలో ఉంది. అందరూ ఒకేసారి అడిగేసరికి వాటిని నష్టానికి అమ్ముతున్నారు. ముందు అడిగినవాళ్లకి పూర్తిగా ఇస్తున్నారు."

"మరి మనం?"

"బాగా వెనకున్నాం. అయిపోకముందే మన వంతు రావాలని ప్రార్థన చెయ్యక్కా."

మంచం మీంచి చెల్లి నవ్వింది. "ఏరా, దేవుడి దగ్గర కూడా రికమండేషనా?"

మోకరించాను. మాకు రావాలంటే ఇంకెవరికో అందకూడదు. వాళ్లింట్లోనూ ఒక చెల్లి ఉంటుందేమో...

అయినా అడిగాను, మాకే ఇవ్వమని. ఆమెన్ అనడానికి మాత్రం నోరు రాలేదు.